అనుపానం లేని మందు

కుప్పం,
5-6-1978.

చి.సౌ. చెల్లెలు అమరావతికి అన్న గోవిందప్ప దీవించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మామూలు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. మొన్న రెండు రోజులు మీ ఇంట్లో ఉండి వచ్చినాను కదా, క్షేమం ఎంతుందో కళ్ళారా చూసినాను.

నాలుగేళ్ళకు నిలిచిన కడుపు ఐదో నెలలో పోయింది. దానికి నేనూ మీ వదినా ఏడ్చినాము, అది వేరే సంగతి. కానీ నీ మంచం చుట్టూ చేరిన ఆ ఆడవాళ్ళను చూస్తే నాకు రోత పుట్టిందమ్మా. ఒకామె వేపాకు పొగ వేస్తుంది. ఇంకొకామె నీ నాలుక చాపించి చూస్తుంది. మూడో ఆమె వక్కాకు నములుతూ ఆ నోటితోనే "ఇది గాలి జరం, డాకటర్లకు తెలీదు" అని నీ మొహం మీద తుంపర్లు పడేట్టు చెబుతుంది. జ్వరంతో ఉన్న మనిషికి కావలసింది కాస్త గాలి. ఆ గదిలో గాలికి తప్ప అందరికీ చోటుంది.

ఇంక ఆ పాలు! తెల్లవారేసరికి మీ అత్త తులసమ్మ ఆవు కింద నుంచి లోటా పట్టుకొని నేరుగా వచ్చి, కాచకుండా, ఆ పొదుగు వెచ్చన పోకముందే నీ నోటికి పెట్టింది. గుమ్మపాలు బలమంట. బలమే కావచ్చు. నురగలో తోక వెంట్రుక ఒకటి తేలుతోంది. నువ్వు కళ్ళు మూసుకొని తాగేసినావు. నేను చూడలేక బయటికి పోయినాను.

బయటికి పోతే కొట్టం. నీ పెండ్లికి పసుపు కుంకుమ కింద నేనిచ్చిన ఆవు గుజ్జి బాగానే ఉంది. పుంగనూరు ఆవును ఎక్కడో కొని మళ్ళీ పుంగనూరుకే తోలినాడని అప్పుడు నన్ను అందరూ ఎగతాళి చేసినారు, జ్ఞాపకముందా? దాని దూడ మాత్రం మూలన గోడకానుకొని ఉంది. మసక వెలుతురులో సరిగ్గా కనపడలేదు. నేను అదిలించినా కదల్లేదు. ఈగలు ముసురుతున్నాయి, ఏదో కుళ్ళు వాసన. దూడను చూసుకునే పద్ధతి అదేనా? ఆవు ఈనిందని కూడా నువ్వు నాకు రాయలేదు. కోడెదూడా, పెయ్యదూడా?

జ్వరం తగ్గకపోతే డాక్టరుకు చూపించమని బావకు చెప్పి వచ్చినాను. తల ఊపినాడు. మీ ఆయన తల ఊపితే అవునో కాదో ఈ నాలుగేళ్ళలో నాకు తెలిసింది లేదు.

వదిన నిన్ను అడిగినట్టు రాయమంది.

ఇట్లు, కోపంలో ఉన్న మీ అన్న
గోవిందప్ప.


పుంగనూరు,
20-6-1978.

అన్నకూ వదినకూ అమరావతి నమస్కారాలు.

నీ జాబు చదివి చాలా రోజుల తర్వాత నవ్వినాను అన్నా. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. అన్నంలో మీగడ తుంపు కనిపిస్తే ఆ పూట పస్తుండేవాడివి. నీకు అంగడి ఎట్లా జరుగుతుందో, ఆ చింతపండు బుట్టలూ చీమలూ నువ్వెట్లా ఓర్చుకుంటావో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నా జ్వరం సంగతి. పొద్దున మామూలుగా లేస్తాను, ముగ్గు వేస్తాను. పొద్దు వాలేసరికి చలి మొదలవుతుంది. తర్వాత చెమట. చీర పిండితే నీళ్ళు కారతాయి, ఆ వాసన నాకే సహించదు. నడుమూ మోకాళ్ళూ పట్టేస్తాయి. నాలుగు రోజులు ఏమీ ఉండదు, హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ వస్తుంది.

నువ్వు చెప్పిపోయినందుకు ఆయన ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాడు. ఎరుపూ పసుపూ గొట్టం మాత్రలు రాసిచ్చినారు. ఇంటికి రాగానే అత్త అడిగింది, "అనుపానం ఏం సెప్పినాడు?" అని. ఆయన ఏమీ లేదన్నాడు. అత్త నవ్వింది.

"మందంటే అనుపానం లేకుండా ఉంటాదా నాయనా? తేనెలోనో, నేతిలోనో, అల్లం రసంలోనో, దేంట్లో ఇయ్యాలో సెప్పకుండా ఊరకే ఇచ్చేసినాడా? ఇంగిలీసు మందు మొదలే వేడి. ఒట్టిగా మింగితే పేగులు మాడిపోతాయి."

అందుకని ఆమే అనుపానం కుదిర్చింది. ఆ గొట్టాలు ఎముకలతో చేస్తారని ఎవరో చెప్పినారంట, వాటిని వేళ్ళతో పట్టుకోవడానికి కూడా ఆమెకు అసహ్యం. పుల్లతో విప్పి, గొట్టాలు దూరంగా పారేసి, లోపలి పసుపుపచ్చ పొడిని గుమ్మపాలల్లో కలిపి ఇస్తుంది. పాలు పసుపు నీళ్ళ మాదిరి అవుతాయి. చేదు ఎట్లాంటిదంటే, మింగిన తర్వాత కూడా నాలుక కిందే ఉంటుంది. ముక్కు మూసుకొని తాగుతున్నాను. పథ్యం కూడా గట్టిగానే ఉంది. చింతపండు లేదు, వంకాయ లేదు, తాళింపు లేదు. పాలన్నం, మజ్జిగన్నం, అంతే.

కాచి ఇవ్వమని నువ్వు చెప్పినావని అన్నాను. కాస్తే సత్తువంతా పొగలో పోతుంది కదా అంది. అత్త నాకు చెడు తలపెట్టే మనిషి కాదు అన్నా. తెల్లారక ముందే లేచి నాకోసమే పిండుతుంది.

గుజ్జి బాగుంది. దూడ సంగతి ఇంకోసారి రాస్తాను.

నీ చెల్లెలు
అమరావతి.


కుప్పం,
10-7-1978.

చెల్లెలు అమరావతికి,

నీ జాబు అన్నం ముందు కూర్చొని చదవడం నాదే తప్పు. పసుపుపచ్చ పాలు అన్నచోట చెయ్యి కడుక్కొని లేచినాను. మీ వదిన ఆ జాబు లాక్కొని చదివి, మీ అత్త చేసింది సరైన పనే అంది. వేడి మందుకు పాలే విరుగుడంట. నాకూ అట్లాగే తోచింది. కాబట్టి పాలు వద్దనను. కాచి వడగట్టి ఇవ్వమనే నా గోల.

ఈ బస్సులో మీ వీధి వెంకటేశులు చేతికి ఒక సీసా పంపుతున్నాను. రక్తం పట్టే టానిక్, ఇనుము ఉందంట. మెడికల్ షాపు ఆయన గట్టిగా చెప్పినాడు. వేరే వేళల్లో అయితే మరిచిపోతావు, నీ సంగతి నాకు తెలుసు. ఆ గొట్టం మందు తాగేటప్పుడే దీన్నీ ఒక చెంచా తాగు. ఒకే రోత, ఒకే పూటలో అయిపోతుంది.

మందులంటే జనానికి ఎంత చులకనో రోజూ అంగట్లో చూస్తున్నాను. నిన్న శాంతిపురం మనిషి ఒకడు వచ్చి, తన తమ్ముడు చచ్చిపోతే మిగిలిన మాత్రలు ఉన్నాయి, కొనుక్కుంటావా అన్నాడు. పొట్లం విప్పినాడు. మాత్రలకు బెల్లం పాకం అంటుకొని, చీమలు చచ్చి అతుక్కుపోయి ఉన్నాయి. "దులిపితే పోతాయి గదప్పా" అంటాడు. ఛీ అని తరిమేసినాను. పక్క అంగడికి పోయినాడు. అక్కడ ఏమయిందో నేను తొంగి చూడలేదు.

దూడ సంగతి ఇంకోసారి అంటే ఏమి? నేను అడిగింది కోడెనా పెయ్యనా అని, దానికి ఇంకోసారి ఎందుకు? అమ్మేసినారు, అంతే కదా. నేను పసుపు కుంకుమకిచ్చిన ఆవు మొదటి దూడను నాతో ఒక మాట చెప్పకుండా అమ్మేసినారు. అమ్ముకోండి. మాట దాచినందుకు నాకు అసహ్యంగా ఉంది.

గోవిందప్ప.


పుంగనూరు,
14-8-1978.

అన్నకు,

నీ జాబుకు బదులు రాయడానికి నెల పట్టింది. దూడను మేము అమ్మలేదు. అంతకంటే ఏమీ అడగొద్దు, నీ కాళ్ళకు మొక్కుతాను.

గొట్టం మాత్రలు రెండుసార్లు తెచ్చినారు, రెండుసార్లూ అయిపోయినాయి. జ్వరం మాత్రం అయిపోలేదు. నీ టానిక్ కూడా పసుపు పాలల్లోనే పోసి ఇస్తున్నారు. రంగు ఏమవుతుందో రాయను, నువ్వు మళ్ళీ అన్నం మానేస్తావు. పళ్ళు నల్లబడినాయి. అద్దంలో చూసుకొని నోరు మూసుకున్నాను.

ఇది రాయకూడదనుకున్నాను. కలకడ నుంచి అత్త పుట్టింటి వాళ్ళు వచ్చినారు. వాళ్ళకు పెండ్లి కావలసిన కూతురుంది. నేను వంటింట్లో ఉన్నానని మరిచినారో, వినాలనే మాట్లాడినారో. అత్త అంది, "ఏం సేద్దామమ్మా, వాళ్ళ వైపు నించి వచ్చింది ఏదీ ఈ ఇంట్లో నిలవదు." దీపావళి లోపల నేను లేచి తిరగకపోతే నన్ను కుప్పం పంపుతారంట, విశ్రాంతికి. ఆ విశ్రాంతి అంటే ఏమిటో నీకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన తువ్వాలు భుజాన వేసుకొని చేని దగ్గరికి పోయినాడు.

అదే అత్త మరునాడు తెల్లవారుజామున మళ్ళీ లోటా తెచ్చి, "తాగు తల్లీ, బలమొస్తాది" అంది. నాకు ఆ వాసన సోకితేనే వాంతి వస్తుంది. అయినా తాగినాను. తాగకపోతే బాగుపడాలని లేదంటారు.

అమరావతి.


కుప్పం,
19-8-1978.

అమ్మా అమరా,

వచ్చే గురువారం మొదటి బస్సుకు బయల్దేరి వస్తున్నాను. నిన్ను మదనపల్లె పెద్దాసుపత్రికి తీసుకుపోతాను. బావ తల ఏ వైపుకు ఊపినా సరే.

ఒక్కటి అర్థం కాలేదు. "ఏదీ నిలవదు" అంటే? మా వైపు నుంచి ఆ ఇంటికి వచ్చింది నువ్వు, ఆవు. ఆవు రాయి మాదిరి నిలబడే ఉంది కదా.

కలకడ వాళ్ళు తాగిన కాఫీ లోటాలు తోమేది కూడా నువ్వేనా? థూ.

గోవిందప్ప.


మదనపల్లె,
2-9-1978.

అన్నకూ వదినకూ,

నువ్వు నన్ను వార్డులో చేర్చి, పక్క మంచం ముసలామె ఉమ్మి డబ్బా చూసి ముక్కు మూసుకొని పోయినావు కదా, దాని తర్వాత జరిగిందంతా రాస్తాను. కూర్చొని చదువు. అన్నం ముందు మాత్రం వద్దు.

డాక్టరమ్మ మొదటిరోజు నీ ఎదురుగానే అడిగింది, ఇంట్లో పశువులున్నాయా, ఏదైనా నెలలు నిండకుండా దూడను పడేసిందా అని. నేను లేదన్నాను. నువ్వు పక్కనే ఉండి, "మా ఆవు లక్షణంగా ఈనింది, దూడను నేనే చూసినాను" అన్నావు. ఆమె రాసుకొని పోయింది. నువ్వు పోయిన తర్వాత నాకు గుండెలో ముల్లు మాదిరి ఉండిపోయింది. మరుసటి రోజు ఆమె వచ్చేటప్పటికి నేనే పిలిచి చెప్పినాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

గుజ్జి మాఘమాసంలో ఎనిమిదో నెలకే దూడను పడేసింది. చచ్చిన దూడ. మాయ పడలేదు. అత్తా నేనూ ఇద్దరమూ చేతులు పెట్టి లాగినాము. ఆ కంపు ఎన్ని రోజులు స్నానం చేసినా పోలేదు. ఆ తర్వాత నెలకే నాకు జ్వరం మొదలైంది, ఆ తర్వాత నా కడుపు పోయింది. అప్పుడే అత్త నోటి వెంట ఆ 'ఏదీ నిలవదు' మాట మొదటిసారి వచ్చింది. నీ ఆవూ నీ చెల్లెలూ ఒకే మాదిరి అయినారని నీకు తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే దాచినాను.

నువ్వు చూసింది దూడ కాదు అన్నా. తోలు. దూడ లేకపోతే గుజ్జి పాలు చేపదు. అందుకని ఆ చచ్చిన దూడ తోలు తీయించి, లోపల గడ్డి కూరి, అత్త తన చేత్తోనే దబ్బనంతో కుట్టింది. రోజూ దాని మీద ఉప్పునీళ్ళు చల్లి ముందర నిలబెడితే గుజ్జి నాకుతుంది, పాలు చేపుతుంది. ఉప్పునీళ్ళు చల్లేది నేను. ఈగలు దానికే ముసురుతాయి.

ఇదంతా డాక్టరమ్మ చీటీలో రాసుకుంది. రక్తం పరీక్షకు పంపింది. ఆమె మొదటిరోజు అనుమానపడిన రోగమే అని తేలింది. పశువు నుంచి వస్తుందంట, మాయ ముట్టుకున్నా, పచ్చిపాలు తాగినా. కడుపు నిలవకపోవడానికి కూడా అదే కారణం కావచ్చంది.

"ఇంతకుముందు ఏం మందు వాడినావు?" అంది. పాత చీటీ చూపించినాను. చూసి నొసలు ముడిచింది.

"మందు సరైనదేనే. మరి తగ్గాల గదా. ఎట్లా మింగినావు?"

"మింగలేదమ్మా. విప్పి పాలల్లో కలిపి ఇచ్చినారు."

"ఎవరు చెప్పినారు అట్లా?"

"మా అత్త. అనుపానం లేదని."

ఆమె కుర్చీ లాక్కొని నా పక్కనే కూర్చుంది. ఈ మందు పాలల్లో పడితే పాలను పట్టుకొని కూర్చుంటుందంట, రక్తంలోకి పోనే పోదంట. పాలు, పెరుగు, మజ్జిగ, ఏదైనా అంతే. నాకు పెట్టిన పథ్యమంతా అదే కదా! "జ్వరం తెచ్చేది ఆ పాలే, జ్వరం మందును ఆపేది ఆ పాలే. రెండూ ఒకే లోటాలో తాగినావు" అంది. నాకు అక్కడే వాంతయింది.

ఇంకొకటి. నీ టానిక్ కూడా అంతే అన్నా. ఇనుము కూడా ఆ మందును పట్టేసుకుంటుందంట. "మాత్రతో కలిపి తాగమని ఎవరన్నారు?" అంటే, అంగడి పెట్టుకున్న మా అన్న అని చెప్పినాను. నవ్వింది, ఏమీ అనుకోకు.

ఆయన మొన్న ఇక్కడికి వచ్చినాడు. పాలతో ఇవ్వొద్దని పుంగనూరులో ఎవరూ చెప్పలేదా అని డాక్టరమ్మ అడిగితే తల వంచుకున్నాడు. చెప్పినారంట! మందు ఇచ్చే కిటికీ దగ్గర "పాలతో వద్దు" అని చెప్పినారంట. ఇంటికొచ్చి అత్తతో అంటే, "పాలు వద్దంటే లోటాల్తో తాగొద్దని. మందుకు కలిపేది తాగడం కాదు గదా" అందంట. ఈయన తల ఊపినాడంట.

ఇప్పుడు రోజూ సూది వేస్తున్నారు. గొట్టం మాత్ర విప్పకుండా, కూర్చొని, నిండు గ్లాసు నీళ్ళతో, అన్నానికి బాగా ముందు మింగిస్తున్నారు. జ్వరం తగ్గినా మధ్యలో ఆపకూడదంట. మిగిలితే దాచుకోకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ సూదికి చెవిలో హోరు వస్తే వెంటనే చెప్పమన్నారు. ఇంతవరకూ రాలేదు.

మూడు రోజులుగా పొద్దు వాలినా చలి రాలేదు అన్నా. రాయాలంటే భయంగా ఉంది, అయినా రాస్తున్నాను.

అమరావతి.


కుప్పం,
8-9-1978.

అమ్మా అమరావతీ,

నేను దూడ అనుకొని అదిలించింది చచ్చిన దూడ తోలునా! ఈ చేత్తో దాని వీపు తట్టబోయినాను కూడా. జాబు చదివినప్పటి నుంచి చెయ్యి కడుగుతూనే ఉన్నాను, మీ వదిన సబ్బు దాచేసింది.

నాకు అందరి మీదా రోతగా ఉంది. కిటికీ దగ్గర విన్న మాటను అమ్మ ముందర మింగేసిన మీ ఆయన మీద. డాక్టరు మాటకు తనే అర్థం చెప్పుకున్న మీ అత్త మీద. దూడ సంగతి దాచి నన్ను ఆ డాక్టరమ్మ ముందర అబద్ధపు సాక్షిని చేసిన నీ మీద. అన్నిటికంటే ఆ టానిక్ సీసా మీద. అంగట్లో కూర్చొని పరాయివాళ్ళ మాత్రలను ఛీ అన్నవాణ్ణి, ఏ మందు దేంతో కలపకూడదో అడగకుండా నీకు చెంచా కొలత కూడా చెప్పి పంపినాను. అంగట్లో తలనొప్పి మాత్రల డబ్బా కిరసనాయిలు పక్కన పెట్టేవాణ్ణి. నిన్న తీసి పారేసినాను.

మీ అత్తకు వేరే జాబు రాసినాను. కలకడ పిల్లను తెచ్చుకోవడానికే మా చెల్లెలికి జబ్బు తాగించినావా అని అడిగినాను. రాసి పోస్టు చేసిన తర్వాత మీ వదిన తెలుసుకొని నాతో మాట్లాడడం మానేసింది.

మాత్ర మధ్యలో ఆపొద్దు. దూరం నుంచి నేను చెప్పగలిగింది ఇంతే.

గోవిందప్ప.


పుంగనూరు,
3-10-1978.

అన్నకు,

నన్ను ఇంటికి పంపినారు. జ్వరం లేదు. మాత్రలు ఇంకా కొన్ని రోజులున్నాయి.

నువ్వు అత్తకు రాసిన జాబును ఆయన చేత చదివించుకొని వినిందంట. నేను వచ్చేసరికి ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టి ఉంది. నాతో ఒక్క మాట లేదు. నా మంచం దగ్గరికి రాదు. నేను వండింది తినదు. జబ్బు తాగించినావా అని రాస్తావా? ఆమెకు తెలిసి చేసిందా అన్నా? నువ్వు టానిక్ పంపింది నన్ను చంపడానికా? నీకు అసహ్యం ఎక్కువైతే మాట అదుపు తప్పుతుంది. నాకు ఈసారి నీ మీదే రోత పుట్టింది.

దీపావళి దాటగానే కలకడ వాళ్ళు వస్తామన్నారు. రావద్దని ఎవరూ చెప్పలేదు.

అమరావతి.


కుప్పం,
9-10-1978.

అమరావతికి,

రాసింది తప్పే. ఆమెకు నేరుగా చెప్పలేను, నాకు అంత మంచితనం లేదు. వస్తే తలుపు తీస్తుందా?

గో.


పుంగనూరు,
4-11-1978.

అన్నకూ వదినకూ నమస్కారాలు.

దీపావళి అయిపోయింది. నువ్వు రాకపోవడమే మంచిదయింది, జరిగిందంతా చదివితే నీకే తెలుస్తుంది.

నా మాత్రలు అయిపోయిన తర్వాత ఒక సాయంకాలం కొట్టంలోకి పోయినాను. గుజ్జిని ఇప్పుడు వేరే కట్టేసినారు, పశువుల డాక్టరు చెప్పినందుకు. ఆ తోలును ఆయన చేని గట్టున కాల్చేసినాడు, ఆ కంపు నీకు వద్దులే. కొట్టంలో అత్త గోడకానుకొని కూర్చొని ఉంది. మొదట చీకట్లో నాకు ఆ తోలే జ్ఞాపకమొచ్చింది. దగ్గరికి పోతే పళ్ళు కొట్టుకుంటున్నాయి. చెయ్యి ముట్టుకుంటే నిప్పు. మోకాళ్ళు వాచి ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నించి అత్తా?" అన్నాను.

కొంగు ఒంటికి చుట్టుకుంటూ, "నీకు వచ్చినప్పటి నించే" అంది.

నాకంటే ఎక్కువ ఆమే కదా ఆ మాయలో చేతులు పెట్టింది. నాకు ఇచ్చి మిగిలిన గుమ్మపాలు ఆమే కదా తాగేది. ఇన్ని నెలలూ ఒళ్ళు మండిపోతుంటే లేచి పాలు పిండింది. "మరి ఎందుకు చెప్పలేదు?" అంటే తల తిప్పుకుంది. "మీ వైపు దోసమని నేనే అంటి గదా. నాకూ అదే వస్తే ఏ మొకం పెట్టుకోని సెప్పేది?"

ఆయన ఈసారి తల ఊపలేదు. బస్సుకు పరుగెత్తినాడు. మదనపల్లెలో పరీక్ష చేస్తే అదే రోగం. సూదులు ఇక్కడే వేయించుకోవచ్చన్నారు. మాత్రలు ఎట్లా ఇవ్వాలో డాక్టరమ్మ నాకే చెప్పింది. చెప్పేటప్పుడు అత్త గోడ వైపు చూస్తూ కూర్చుంది.

మొదటి మాత్ర ఈ రోజు పొద్దున. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చినాను. మాత్రను అరచేతిలో పెట్టుకొని పురుగును చూసినట్టు చూసింది.

"పాలు వద్దు, సరే. దేంతో మింగాల?"

"నీళ్ళతో."

"నీళ్ళు అనుపానమా?"

"దీనికి అంతే అత్తా."

"ఒక్క గుక్క మజ్జిగ?"

"ఒక్క చుక్క కూడా లేదు."

నోట్లో వేసుకుంది. మింగడం చాతకాక కొరికేసింది. నాలుకా పళ్ళూ పసుపుపచ్చ అయిపోయినాయి. "థూ, ఇంత సేదా!" అని మొహమంతా వికారంగా పెట్టింది. నోరు పుక్కిలించి, నీళ్ళు మింగి, నా వైపు చూసింది. "నువ్వు ఇన్ని నెలలు ఇదే తాగితివా?" అంది. అవునన్నాను. "ఎప్పుడూ సెప్పకపోతివే" అంది.

ఇంకో మాత్ర ఇచ్చినాను. ఈసారి మింగింది.

ఆ తర్వాత నన్ను పలకాబలపం తెచ్చుకోమన్నట్టుగా కాగితమూ పెన్నూ తెచ్చుకోమంది. నీకు బదులు రాయిస్తుందేమో, ఏమి తిడుతుందో అనుకున్నాను.

"కలకడకు రాయి, రావద్దని" అంది.

"ఏమని రాయాల అత్తా? కారణం అడుగుతారు గదా" అన్నాను.

"మా కోడలికి బాగయింది అని రాయి."

రాసినాను. చదివి వినిపించమంది, వినిపించినాను. ఇంకా నాలుక మీద ఆ చేదు ఉన్నట్టుంది, మొహం చిట్లించుకొనే వినింది. "సరిపోతాది, పోస్టులో ఏసేయ్" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ జాబూ ఈ జాబూ రెండూ ఇప్పుడే పట్టుకుపోతున్నాను.

తలుపు తీస్తుందా అని అడిగినావు. తీస్తుంది, రా. చేతిలో సీసా ఏదీ లేకుండా రా.

నీ చెల్లెలు
అమరావతి.